అయా నాపా నీళ్ళలో కోడిపుంజు

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం మాట్లాడినది, రికార్డింగ్ విని రాసింది)

వెనక వరసకి వినబడుతోందా అండి? లేదా? మైకు కొంచెం ఇటు... ఇప్పుడు? ఆ, సరే.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే సైప్రస్‌లో స్కూబా, అదే వీపుకి గాలి ట్యాంకు కట్టుకుని నీళ్ళ కిందకి వెళ్ళడం, చేశావు కదా, ఎలా ఉంటుంది, ఎవరు చెయ్యొచ్చు, ఎంతవుతుంది, అది చెప్పు చాలు అన్నారు. ఎంతవుతుంది అన్నది మాత్రం నా నోటితో చెప్పను, సీజన్‌ని బట్టి మారిపోతుంటాయి రేట్లు, మీరు ఫోన్‌లో చూసుకుంటే నాకంటే కరెక్టుగా తెలుస్తుంది. మిగతావి చెప్తాను. ఇంకోటి కూడా చెప్తాను, అది వాళ్ళు అడగలేదు, కానీ అసలు నేను ఇవాళ వచ్చింది దానికోసమే.

సైప్రస్ అంటే మధ్యధరా సముద్రంలో తూర్పు మూల ఉన్న దీవి, నేను అక్కడ లిమసోల్ అనే ఊళ్ళో నాలుగేళ్ళు ఉన్నాను. సాఫ్ట్‌వేరే, ఇంకేముంటుంది మనకి. అక్కణ్ణుంచి అయా నాపా కార్లో గంటన్నర కూడా పట్టదు. అయా నాపా అంటే ఒకప్పుడు చిన్న ఊరు, ఒక పాత మఠం, నాలుగు చేపల పడవలు. 1974లో టర్కీ సైన్యం వచ్చాక ఫామగుస్తాలో వరోషా అని పెద్ద బీచ్ రిసార్ట్ ఉండేది, అది కంచె వెనక్కి వెళ్ళిపోయింది, హోటళ్ళు హోటళ్ళలాగే ఖాళీగా ఉండిపోయాయి, దాంతో టూరిజం అంతా ఇటు అయా నాపాకీ పక్కనే ఉన్న ప్రొతరాస్‌కీ వచ్చి పడింది. ఇప్పుడు వేసవిలో వెళ్తే రాత్రంతా మ్యూజిక్కే, పొద్దున బీచ్‌లో గొడుగు కింద జాగా దొరకదు. నాకైతే ఆ గోల నచ్చదు, అందుకే నీళ్ళ కిందకి వెళ్ళాను అని సరదాగా చెప్తుంటాను.

అసలు నాకు అప్పటికి ఈత రాదు. నిజం. సముద్రం పక్కన పుట్టాను, ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు దాటి వెళ్ళలేదు, మా అమ్మ వెళ్ళనిస్తే కదా. మనలో చాలామంది పరిస్థితి అదే, అవునా కాదా? మొదటిసారి చేసే ట్రయల్ డైవ్‌కి ఈత రాకపోయినా పర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ మన ట్యాంకు పట్టుకునే ఉంటాడు. కానీ సర్టిఫికెట్ కావాలంటే, అదే ఓపెన్ వాటర్ అంటారు, దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా తేలాలి. నేను ట్రయల్ చేశాక పిచ్చి పట్టి, ముప్పై రెండేళ్ళ వయసులో, హోటల్ పూల్‌లో ఆరేళ్ళ పిల్లల పక్కన నేర్చుకున్నాను ఈత. వాళ్ళు నన్ను చూసి నవ్వడం... సరే వదిలెయ్యండి.

ఆ ట్రయల్ డైవ్ ప్రొతరాస్ దగ్గర గ్రీన్ బే అని ఒక చోట. లోతు తక్కువ, అడుగున ఇసక, కొన్ని విగ్రహాలు కూడా పెట్టారు, కొత్తవాళ్ళందర్నీ అక్కడికే తెస్తారు. ముందు వెట్‌సూట్ ఎక్కించాలి. 5 మిల్లీమీటర్ల మందం రబ్బరు. దిండుకి ఒక సైజు తక్కువ గలీబు తొడిగారనుకోండి, ఆ దిండు నేను. ఎండలో, జూలైలో, కాలు ఎక్కేసరికి పావుగంట, చెయ్యి ఎక్కేసరికి ఇంకో పావుగంట, చెమటతో సగం ప్రాణం అక్కడే పోయింది. దాని మీద 12 లీటర్ల ట్యాంకు, నడుముకి సీసం దిమ్మలు.

ఈ సీసం దగ్గర ఒక విషయం. నేను తర్వాత ఇక్కడికొచ్చి మన ఋషికొండలో కూడా డైవ్ చేశాను, అక్కడ కట్టుకున్నంత బరువు ఇక్కడ అక్కర్లేదు. చాలామటుకు కారణం సూటు, ఇక్కడ నీళ్ళు వెచ్చన కాబట్టి పల్చటి సూటు చాలు. మిగతాది ఉప్పు. మన బంగాళాఖాతంలో గంగ, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ వచ్చి పడతాయి, నీళ్ళు పలచబడతాయి. అక్కడ తూర్పు మధ్యధరాలో పెద్ద నది అంటే నైలు ఒక్కటే, దానికీ అస్వాన్‌లో ఆనకట్ట కట్టేశారు, పైన ఎండ మాడ్చేస్తుంది, వానకంటే ఆవిరయ్యేదే ఎక్కువ, కాబట్టి లీటరుకి 39 గ్రాముల దాకా ఉప్పుంటుంది. ఉప్పెక్కువైతే మనిషి తేలతాడు, మునగాలంటే అర కిలో సీసం ఎక్కువ కట్టుకోవాలి. ఈ ఉప్పు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీనికి.

సరే దిగాం. మా ఇన్‌స్ట్రక్టర్ యాభై దాటిన సైప్రస్ ఆయన, నేను మాస్టారూ అనేవాణ్ణి, ఆయనకి ఆ పిలుపు తెగ నచ్చేసింది. పైన సైగలన్నీ నేర్పాడు, నేను తలూపాను. 4 మీటర్ల కింద, అబ్బా, మొదటిసారి నీళ్ళ కింద ఊపిరి పీల్చుకుంటున్నా, పక్కనే ఒక చిన్న చేపల గుంపు, ఆయన బాగున్నావా అని సైగ చేశాడు, నేను ఆనందం పట్టలేక బొటనవేలు పైకెత్తి సూపర్ అన్నాను. ఆయన వెంటనే నా భుజం పట్టుకుని పైకి తీసుకుపోయాడు. (నవ్వులు) నీళ్ళలో బొటనవేలు పైకెత్తితే సూపర్ అని కాదండి, పైకి పోదాం అని. బాగుంది అనాలంటే వేలూ బొటనవేలూ కలిపి సున్నా చుట్టాలి. మళ్ళీ దిగాం, రెండు నిమిషాల్లో తాబేలు కనబడింది, నేను మళ్ళీ బొటనవేలు. (నవ్వులు) మూడోసారి దిగేటప్పుడు ఆయన నా బొటనవేలు తన చేత్తో పట్టుకుని దిగాడు, ఒట్టు.

ఇది నవ్వుకోడానికి. ఇంకోటి నవ్వుకోడానికి కాదు. రెండో ఏడు మా బావ వాళ్ళు ఇండియా నుంచి వచ్చారు, నాలుగు రోజుల ట్రిప్, డైవ్ బుక్ చేసేశాం, డబ్బు కట్టేశాం, ఆ రోజు పొద్దున నాకు జలుబు. మనం ఏం చేస్తాం? డబ్బు కట్టాం కదా. జలుబు బిళ్ళ వేసుకుని దిగిపోయాను. ఆ రోజు వెళ్ళింది మాస్టారు దగ్గరికి కాదు, వేరే షాపు, అక్కడ హెల్త్ ఫారం ఇచ్చారు, అన్నిటికీ లేదు లేదు అని టిక్ పెట్టాను, వాళ్ళూ మొహం చూడకుండా ఫైల్లో పెట్టేసుకున్నారు. వాళ్ళ తప్పు ఉంది, కానీ అబద్ధం రాసింది నేను.

దిగడం బాగానే దిగాను. పైకి వచ్చేటప్పుడు బిళ్ళ పవర్ అయిపోయింది. చెవిలో లోపల గాలి ఇరుక్కుపోయింది. 10 మీటర్ల కింద ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు, అక్కడ నిమ్మకాయంత ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండు నిమ్మకాయలంత అవ్వాలి, చెవిలో దానికి జాగా ఎక్కడిది? ఎవరో ఊచ పెట్టి లోపల్నుంచి బయటికి తోస్తున్నట్టు. అయినా ఆగి, కొంచెం కిందకి దిగి, మళ్ళీ మెల్లగా, మళ్ళీ ఆగి, మీటరు మీటరు ఎక్కాను. మాస్కులో రక్తం చుక్కలు. మూడు వారాలు కుడి చెవి దిబ్బెడ వేసినట్టే ఉంది, ఆఫీస్ కాల్స్‌లో అందర్నీ ఏంటీ ఏంటీ అని అడిగేవాణ్ణి. జలుబుంటే దిగకండి, డబ్బు పోతే పోయింది. ఊపిరి బిగబట్టకండి. డైవ్ అయ్యాక, ఒకే డైవ్ అయితే 12 గంటలు, ఎక్కువ డైవ్‌లైతే 18 గంటలు ఫ్లైటెక్కకండి, మనవాళ్ళు ఆఖరి రోజు పొద్దున డైవ్ పెట్టుకుని సాయంత్రం ఫ్లైట్ పెట్టుకుంటారు చూడండి, అది అన్నిటికంటే డేంజర్. మిగతావి వాళ్ళు చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ నీళ్ళు చూసినవాళ్ళెవరైనా ముందు అనే మాట, ఎంత తేటగా ఉన్నాయిరా అని. 30 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కాళ్ళకి తొడుక్కున్న ఫిన్స్, అదే ఈత రెక్కల, రంగు చెప్పొచ్చు. మన ఋషికొండలో మామూలు రోజైతే రెండు మూడు మీటర్లు, చెయ్యి చాపితే ఆ చెయ్యి కనబడితే సంతోషం. నేను మాస్టారుతో, డైవ్ అయ్యాక ఫ్రాపే తాగుతూ, అక్కడ ఐసు వేసిన నురగ కాఫీ దొరుకుతుంది, దాని మీదే బతుకుతారు వాళ్ళు, మీ సముద్రం ఎంత శుభ్రంగా ఉంది, మాది మురికిగా ఉంటుంది అన్నాను. ఆయన నవ్వి, శుభ్రం కాదోయ్, ఆకలి అన్నాడు.

నాకర్థం కాలేదు. తర్వాత చదువుకున్నాను. నీళ్ళు మసగ్గా ఉండేది మన్ను వల్లా, కంటికి కనబడని పాచి వల్లా. ఆ పాచే అన్నిటికీ తిండి. దాన్ని రొయ్యపిల్ల తింటుంది, రొయ్యపిల్లని కవ్వలు తింటాయి, కవ్వల్ని వంజరం తింటుంది, వంజరాన్ని మనం తింటాం. మధ్యధరాకి నీళ్ళొచ్చే దారి జిబ్రాల్టర్ జలసంధి, అక్కడ అట్లాంటిక్ నుంచి పైపై నీళ్ళు లోపలికొస్తాయి, వాటిలో ఎరువు తక్కువ. లోపలికొచ్చి ఎండకి ఆవిరై, ఉప్పెక్కి, బరువెక్కి మునుగుతాయి. అడుక్కి చేరిన ఆ నీళ్ళు, సత్తువంతా పట్టుకుని, అడుగు నుంచే మళ్ళీ జిబ్రాల్టర్ దాటి బయటికి పోతాయి. ఇంట్లోకి మజ్జిగ తేట వస్తోంది, ఇంట్లోంచి వెన్న పోతోంది అనుకోండి. సైప్రస్ ఉన్నది ఆ ఇంటి చిట్టచివరి గదిలో. దానికి తోడు నైలు వరద తెచ్చే ఒండ్రు అస్వాన్ ఆనకట్ట వెనక ఆగిపోయింది, 1960ల మధ్యలో ఈజిప్టు తీరంలో సార్డీన్ల వేట ఒక్కసారిగా పడిపోయింది. కాబట్టి ఆ తేటదనం పేదరికం. మన మురికి అంటున్నాం చూడండి, అది సంతర్పణ. అప్పట్నుంచి ఋషికొండలో ఏమీ కనబడకపోతే నేను తిట్టుకోవడం మానేశాను, అంటే తక్కువ తిట్టుకుంటున్నాను.

అందుకే అక్కడ డైవింగ్ అంటే అండమాన్‌లో లాగా చేపల జాతర ఉంటుందనుకుని వెళ్తే నిరాశపడతారు. రాళ్ళు, గుహలు, ఇసక, గడ్డి. పొసిడోనియా అని నీళ్ళ కింద పెరిగే గడ్డి, నాచు కాదు, నిజం మొక్క, వేరుంటుంది, పువ్వు పూస్తుంది. ఇంకా మనుషులు దింపిన వస్తువులు. అయా నాపాలో 2021లో నీళ్ళ కింద శిల్పాల మ్యూజియం తెరిచారు, 90కి పైగా బొమ్మలు, చెట్లు, పిల్లలు, 8 నుంచి 10 మీటర్ల లోతు, కొత్తవాళ్ళకి బాగుంటుంది. నాకు కొంచెం సెట్టింగ్‌లా అనిపించింది, నా మాట పక్కన పెట్టండి.

నాకు నచ్చింది జెనోబియా. లార్నాకా అని అక్కడే ఇంకో రేవు ఊరు, దాని ఒడ్డుకి దగ్గర్లోనే మునిగిన ఓడ. స్వీడన్ వాళ్ళది, కొత్త ఓడ, మొదటి ప్రయాణం, లారీలెక్కించుకుని సిరియా వెళ్తోంది. బ్యాలస్ట్ నీళ్ళు, అంటే ఓడ ఒరగకుండా అడుగున నింపే నీళ్ళు, సర్దే సిస్టమ్‌లో ఏదో తేడా వచ్చి పక్కకి ఒరిగింది, లాగి రేవు బయట పెట్టారు, 1980 జూన్ 7న మునిగిపోయింది. ఎవరూ చనిపోలేదు. 170 మీటర్ల పైచిలుకు పొడుగు, వందకి పైగా లారీలు లోపలే. ఎడమ పక్కకి తిరిగి పడుకుంది, అడుగు 42 మీటర్లు, పైనున్న పక్క 17 మీటర్ల దగ్గరే తగులుతుంది. నేను అడ్వాన్స్‌డ్ కోర్సు అయ్యాక వెళ్ళాను. ముందు ఏమీ లేదు, నీలం. తర్వాత నీలంలో ఒక గోడ. ఆ గోడకి కిటికీలు. మన పోర్టులో ఓడని కింద నుంచి తలెత్తి చూస్తాం కదా, అది పక్కకి పడుకుని ఉంటే దాని మీద మనం ఎగురుతున్నట్టు. ఒక లారీ గొలుసుకి వేలాడుతూ ఉండిపోయింది, టైర్లకి ఇంకా గీతలు తెలుస్తున్నాయి, టైరు పట్టుకుని తిప్పబోతే మాస్టారు నా చేతి మీద ఒక్కటిచ్చాడు. లోపలికి మాత్రం ట్రైనింగ్ లేకుండా వెళ్ళకూడదు, ఓడ మునిగినప్పుడు పోని ప్రాణాలు తర్వాత డైవర్లవి పోయాయి అక్కడ. మనకీ చింతపల్లి బీచ్ దగ్గర మునిగిన ఓడ ఉందని ఇక్కడి డైవర్లకి తెలుసు, అది వేరే కథ.

ఇప్పుడు కోడిపుంజు. కేప్ గ్రెకో అని, అయా నాపాకీ ప్రొతరాస్‌కీ మధ్య సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి కొండ, దాని కింద గుహలు. ఒక గుహలో టార్చి వేశాను. పైకప్పుకి తలకిందులుగా ఏదో వేలాడుతోంది. ఎరుపు గోధుమ చారలు, మొహం నిండా చారలే, వీపు మీద ముళ్ళు వింజామర విప్పినట్టు, పక్క రెక్కలు కూడా పరిచి పెట్టింది. నేను దగ్గరికెళ్ళాను, పారిపోలేదు. మామూలుగా చేప టార్చి చూస్తే జారుకుంటుంది, ఇది నావైపు నెమ్మదిగా తిరిగి ముళ్ళు చూపించింది, అంతే, పొగరు. దాని వెనక ఇంకోటి. దాని పక్కన ఇంకో రెండు. లయన్‌ఫిష్.

పైకొచ్చాక అడిగితే మాస్టారు మొహం మారిపోయింది. అది మాది కాదు అన్నాడు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు కదా, ఎర్ర సముద్రానికీ మధ్యధరాకీ మధ్య తలుపు తీశారు. మొదట్లో కాలువ మధ్యలో ఉన్న బిట్టర్ లేక్స్ అనే సరస్సుల్లో ఉప్పు ఎంత ఎక్కువుండేదంటే చాలా చేపలు దాటలేకపోయేవి, ఉప్పే కాపలా. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఉప్పు కరిగి కొట్టుకుపోయింది, కాలువ వెడల్పూ లోతూ పెంచుకుంటూ పోయారు, మధ్యధరా నీళ్ళూ వేడెక్కాయి, ఎర్ర సముద్రం నుంచి మధ్యధరాకి వలస పెరిగిపోయింది. లయన్‌ఫిష్ 1991లో ఇజ్రాయెల్ దగ్గర ఒకటి దొరికింది, తర్వాత ఇరవై ఏళ్ళు అలికిడి లేదు, 2012లో లెబనాన్‌లో మళ్ళీ కనబడింది, మరి నాలుగైదేళ్ళలో సైప్రస్ రాళ్ళన్నీ ఆక్రమించేసింది. దాన్ని తినే చేప అక్కడ పెద్దగా లేదు, అది మాత్రం తనకంటే చిన్నదేదైనా మింగేస్తుంది. అసలే ఆకలి సముద్రం, అందులోకి చుట్టం వచ్చి కూర్చున్నాడు. రాళ్ళ మీద పాచిని మేసే రాబిట్‌ఫిష్ కూడా అలాగే వచ్చాయి, గుంపులు గుంపులుగా మేసి కొన్ని చోట్ల రాయిని నున్నగా గొరిగి పెట్టాయి. వలలు కొరికేసే విషం చేప, బుస్సున ఉబ్బుతుంది, అదీ వచ్చింది, దాన్ని పట్టి తెస్తే గవర్నమెంటే డబ్బిస్తుంది. సైప్రస్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో రెలయన్‌మెడ్ అని ప్రాజెక్టు పెట్టి డైవర్లకి ట్రైనింగ్ ఇచ్చి లయన్‌ఫిష్‌ని తీయించారు. మామూలుగా ట్యాంకు పెట్టుకుని చేపని పొడవడం అక్కడ నేరం, వీళ్ళకి ప్రత్యేకంగా పర్మిషన్.

మాస్టారు అన్నాడు, మీ హిందూ మహాసముద్రం నుంచి వచ్చాయి ఇవి, నువ్వూ అవీ ఒకే బ్యాచ్ అని. జోకే. ఆ రాత్రి రూముకొచ్చి దాని పేరు వెతుకుతూ కూర్చున్నాను. అక్కడుండేదాని లాటిన్ పేరు ప్టెరోయిస్ మైల్స్. దాని దాయాది ఒకటుంది, ప్టెరోయిస్ రసెలీ. ఈ రసెల్ ఎవరయ్యా అంటే ప్యాట్రిక్ రసెల్, మన రక్తపింజరకి ఇంగ్లీషు పేరు ఈయన మీదే వచ్చింది. ముందు సిరియాలో అలెప్పోలో డాక్టరు, అంటే సైప్రస్ ఎదురుగా. తర్వాత కంపెనీ కాలంలో, 1780లలో, ఎక్కడికొచ్చాడు? ఇక్కడికి. విశాఖపట్నానికి. ఇక్కడి జాలర్ల దగ్గర చేపలు తెప్పించుకుని, బొమ్మలు గీయించి, 200 చేపలతో పుస్తకం వేశాడు 1803లో. అందులో గొప్ప సంగతేంటంటే, ప్రతి చేపకీ ఇక్కడివాళ్ళు ఏమంటే అది రాసుకున్నాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఈ ముళ్ళ చేప బొమ్మ కింద ఏం రాశాడంటే, కోడిపుంగి.

కోడిపుంగి ఏంటి? నేను రూములో పైకి నాలుగుసార్లు చదివాను. కోడి పుంగి, కోడి పుంజి... కోడిపుంజు కదండీ! ఆ రెక్కలు విప్పి, ఆ పొగరు, నావైపు తిరిగిన ఆ తిరగడం, పందెం కోడే! ఆ దొర చెవికి అలా పడింది అనుకుంటున్నాను. ఇంకా వినండి, 1852లో బ్లీకర్ అని డచ్ ఆయన దీనికి సైన్సు పేరుగానే ప్టెరోయిస్ కోడిపుంగి అని పెట్టేశాడు. తర్వాత అది రసెలీ అన్న పేరు కింద కలిపేశారు, అంతకు ముందే ఆ పేరుంది కాబట్టి. మన జాలరి నోట్లోంచి వచ్చిన మాట లాటిన్ దాకా వెళ్ళి, ఇప్పుడు దాయాది పేరు కింద అడుగున పడుంది. రెండు వందల ఏళ్ళ కిందట ఈ ఒడ్డున వల దులిపిన మనిషెవరో ఆయన, పేరు కూడా లేదు ఎక్కడా.

పొద్దున్నే మాస్టారుకి ఫోన్ చేసి చెప్పాను. గ్రీకులో ఆయన దాన్ని లియోండరోప్సరో అంటాడు, సింహం చేప అని, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న పేరే. మావాళ్ళు కోడిపుంజు అన్నారు మాస్టారూ అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత కోడిపుంజే కరెక్టు అన్నాడు.

ఏంటి పెద్దాయనా, ఏదో అంటున్నారు? మైకు ఇవ్వండి ఆయనకి. (పెదజాలరిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన: ఏటి లేదు బాబూ, ఆ సేప మా వల్లో పడితే సేత్తో ముట్టుకోం, కర్రతో తోసెస్తాం. ఓపాలి నాకు ఏలికి గుచ్చింది, రాత్రంతా నిద్దర్నేదు.) ఏం చేశారు అప్పుడు? (యేడి నీల్లలో సెయ్యి ఎట్టి కూకున్నాను, మా అమ్మ ఎట్టమంది.) చూశారా, అదే వైద్యం అండి, సైప్రస్‌లో డైవర్లకి ట్రైనింగ్‌లో చెప్పేదీ అదే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళు, ఆ విషం వేడికి పాడవుతుంది. (మరి అక్కడోల్లు దాన్ని ఏం సేస్తారు, పారేస్తారా?)

లేదు పెద్దాయనా, తింటారు. ముళ్ళు కత్తెరతో కత్తిరించేస్తే మాంసంలో విషం ఉండదు. టావెర్నాల్లో, అదే అక్కడి చిన్న హోటళ్ళలో, ఫ్రై చేసి నిమ్మకాయ పిండి ఇస్తున్నారు, తెల్లటి ముక్క, ముల్లు తక్కువ. నేను ఒకసారి రెండు చేపలు ఇంటికి తెచ్చాను, లార్నాకాలో శ్రీలంక వాళ్ళ షాపులో చింతపండు దొరికింది, కరివేపాకు ఎండుదే దొరికింది, మా అమ్మకి వీడియో కాల్ పెట్టి పులుసు పెట్టాను. ముక్క విరగలేదు. మాస్టారు మూడు సార్లు వేయించుకున్నాడు, చెమటలు కారిపోతున్నాయి ఆయనకి, నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాడు. తిన్నాక బొటనవేలు పైకెత్తాడు. నేను లేచి ఆయన భుజం పట్టుకుని పైకి లాగాను. (నవ్వులు)